పదిహేనో అడ్మిషన్

జూన్ 9, సోమవారం

ముత్యాలరాజు గారు మీటింగ్ పెట్టారు. జూలై ముప్పై ఒకటిలోగా సైకాలజీ మేజర్‌కి పదిహేను మంది చేరకపోతే ఆ కోర్సు ఎత్తేస్తారట. కోర్సు ఎత్తేస్తే నన్నూ ఎత్తేస్తారు. ఆ మాట మాత్రం అనలేదు, మర్యాదస్తుడు. "మీకు చెప్పేదేముందండి వీరవేణి గారూ, మీరు మనసులు చదివినవారు" అన్నారు. ఈయన ప్రిన్సిపాల్. కిందటేడు స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాన్ రెగ్యులేటర్ పోతే, అందరి మొహాలూ చూసి దొంగెవరో చెప్పమన్నాడు నన్ను.

కొత్త కరపత్రం కూడా ఇచ్చారు. మెదడు బొమ్మ, అందులోంచి మెరుపులు, పక్కన కళ్ళద్దాలు పెట్టుకున్న తెల్లతోలు పిల్ల నవ్వుతూ. కింద 'నాలుగు స్పెషలైజేషన్లు: క్లినికల్, కౌన్సెలింగ్, ఇండస్ట్రియల్, చైల్డ్' అని ఎర్రక్షరాల్లో వేశారు. నాలుగింటికీ టీచర్ని నేనొక్కదాన్నే. ఐదో సెమిస్టర్‌లో ఒక్కోదానికి ఒక్కో పేపరు ఉంటుంది, అంతే. ఆ పేపరు పాఠాల్లో సగం తుఫాను సెలవుల్లో కొట్టుకుపోతాయి. దాన్ని స్పెషలైజేషన్ అంటే, నాలుగు రోజులు గరిటె పట్టినవాడు వంటమేస్త్రి అయిపోయినట్టే.

రేపట్నుంచి ఊళ్ళమీద పడాలి.

జూన్ 12, గురువారం

నాతో కామర్స్ సాయిదుర్గాప్రసాద్‌ని వేశారు. అతను బైకు మీద ముందు, నేను స్కూటీ మీద వెనక. ఈ మనిషికి చదువు చెప్పడం రాదు గానీ పిల్లల్ని పట్టుకురావడం వెన్నతో పెట్టిన విద్య. గుమ్మంలో అడుగు పెట్టగానే వరస కలిపేస్తాడు. "పిన్నిగారూ, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి. అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయండి! మా అమ్మ గుర్తొచ్చిందండి." ఆవిడ కరిగిపోతుంది. ఆ కరిగిన మనసు గట్టిపడేలోగా పిల్ల మార్కుల మెమో, టీసీ ఇతని బ్యాగులో ఉంటాయి. తరవాత పిల్ల ఫోనడుగుతాడు. ఓటీపీ వస్తుంది. వెబ్ ఆప్షన్లలో మా కాలేజీ తప్ప ఇంకోటి పెట్టడు.

"మాటలు నమ్మకూడదండి మేడమ్. ఒరిజినల్స్ చేతికొస్తేనే అడ్మిషన్ అయినట్టు" అని నాకు పాఠం చెప్పాడు. అసహ్యం వేసింది. అతను నాలుగు తెచ్చాడు, నేను ఒకటి కూడా తేలేదు.

జూన్ 20, శుక్రవారం

ఏడుగురయ్యారు.

ఏడుగురూ ఆణిముత్యాలే! కొండబాబు అనే కుర్రాడు హిప్నాటిజం ఏ సెమిస్టర్‌లో ఉంటుందండీ అని అడిగాడు. వాళ్ళ నాన్నని లొంగదీసి బండి కొనిపించుకోవాలట. భవానికి లెక్కలు లేని చదువు కావాలి. రెండో సంవత్సరంలో స్టాటిస్టిక్స్ ఉందని నేను చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. రాజోలు దగ్గర ఒక పెద్దావిడ "పిచ్చోళ్ళ చదువాండీ?" అంది. కాదండి అంటే, "మరెందుకండీ?" అంది. సాయిదుర్గాప్రసాద్ ముసిముసిగా నవ్వాడు.

వీళ్ళకి మేజర్ ఏమిటో, మైనర్ ఏమిటో, మూడేళ్ళ తరవాత నాలుగో ఏడు ఎందుకో ఎవరు చెప్తారు? చెప్పినా ఎవరు వింటారు? బస్సు కాలేజీ గేటు ముందు ఆగుతుందా లేదా అన్నది ఒక్కటే కావాలి వీళ్ళకి.

జూలై 2, బుధవారం

ఈ రోజు నేనే ఒకటి తెచ్చాను. నా అంతట నేనే. సాయిదుర్గాప్రసాద్ నోరెళ్ళబెట్టాడు. అది చూడ్డానికైనా వెళ్ళాల్సిందే.

మామిడికుదురులో పేతురు గారి ఇల్లు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, చర్చిలో సంఘ పెద్ద. భార్య కృపమ్మ గారు ఆరోగ్య కేంద్రంలో నర్సు. కూతురు స్టెల్లా బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకుంది. "నర్సింగుకి అప్లికేషన్ పెట్టిందండి, మనకి పడదు. టైం వేస్టు" అని సాయిదుర్గాప్రసాద్ గేటు దగ్గరే పెదవి విరిచి, బయటే ఉండిపోయాడు. ముందుగదిలో సోఫాకి ఉతికిన తొడుగులు, గోడకి వాక్యాల క్యాలెండరు. పేతురు గారు నా మాటలు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన డీఈఓలా విన్నారు. ఇంతకుముందు ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను. తలాడించి, ప్రార్థన చేసి చెప్తామండి అని పంపేస్తారు.

మధ్యలో 'మానసిక సమస్య' అన్నాను. మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేతురు గారు లేచి వీధి తలుపు వేసి వచ్చారు.

అప్పుడే పసిగట్టాను. లేకపోతే ఇన్నేళ్ళ చదువు ఎందుకు?

కొడుకు బెంజమిన్. ఇరవయ్యారేళ్ళు. ఇంజినీరింగ్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి, రెండేళ్ళ క్రితం తిరిగొచ్చి గదిలో కూర్చున్నాడు. ఇంట్లోనే కంపెనీ పని చేసుకుంటున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. కృపమ్మ గారు కాకినాడలో తెలిసినవాళ్ళెవరూ వెళ్ళని ఒక డాక్టరు దగ్గర మందులు తెచ్చి వేస్తున్నారట. పేతురు గారు తలవంచుకుని ఇంకో సంగతీ చెప్పారు. ప్రతి ఆదివారం సంఘంలో ఉన్న రోగులందరికీ పేరు పేరునా ప్రార్థన చేసేది ఆయనే, కానీ ఈ పేరు ఇంతవరకూ ఎత్తలేదు. ఆహా, ఏం భక్తి!

"ఈ చదువు చదివితే మా అమ్మాయి వాణ్ణి చూసుకోగలదాండీ? అంటే, వైద్యంలాగా?" అన్నారు.

"మూడో సంవత్సరంలో క్లినికల్ స్పెషలైజేషన్ ఉందండి. తనే చూసుకోవచ్చు. ఇంట్లోనే. గడప దాటక్కర్లేదు, ఎవరికీ తెలియక్కర్లేదు" అన్నాను.

గడప దాటక్కర్లేదు అన్న మాట సమయానికి తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆయన మొహం విప్పారింది. స్టెల్లా అయితే నన్ను దేవతని చూసినట్టు చూసింది. కృపమ్మ గారు ఒక్కరే ఏమీ అనలేదు. నాకేసి చూస్తూ కూర్చున్నారు. ఆ ఊపులో ఇంకో పావుగంట మాట్లాడాను. ఇది జ్వరంలాంటిదే, ఎవరి తప్పూ కాదు, సిగ్గుపడాల్సిందేమీ లేదు, తగ్గుతుంది అని. బాగానే మాట్లాడాను. క్లాసులో కూడా అంత బాగా మాట్లాడను.

సర్టిఫికెట్లు స్టెల్లాయే తెచ్చి నా చేతికిచ్చింది.

జూలై 3, గురువారం

నేను అబద్ధం చెప్పలేదు. మూడో సంవత్సరంలో క్లినికల్ పేపరు ఉంది. సిలబస్‌లో అచ్చువేసి ఉంది. చూసుకోవచ్చు అన్నాను, అన్నని చెల్లెలు చూసుకోదా ఏమిటి?

జూలై 11, శుక్రవారం

పదిహేను! స్టెల్లాతో కలిపి సరిగ్గా పదిహేను. ముత్యాలరాజు గారు స్వీట్లు తెప్పించారు. "చూసేరా, మనసులు చదివినవారు తలుచుకుంటే!" అన్నారు. జిలేబీ మెత్తబడిపోయింది. అయినా రెండు తిన్నాను.

జూలై 16, బుధవారం

కృపమ్మ గారి నుంచి రెండు మిస్డ్ కాల్స్. క్లాసులో ఉన్నాను. అంటే, స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాను.

జూలై 18, శుక్రవారం

మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఈ తల్లులకి పనేముంటుంది? హాస్టల్ గురించో, యూనిఫాం గురించో.

నేను అబద్ధం చెప్పలేదు.

జూలై 21, సోమవారం

స్టెల్లా కాలేజీకి వచ్చింది. క్లాసులు ఇంకా మొదలు కాలేదమ్మా అంటే, తెలుసండి, సిలబస్ చూద్దామని వచ్చేనండి అంది. కూర్చుని మూడేళ్ళ సిలబస్ ఎత్తి రాసుకుంది. మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, సోషల్ వర్క్ తీసుకుంటే అన్నకి ఉపయోగమా, జువాలజీ తీసుకుంటే ఉపయోగమా అని అడిగింది. మా కాలేజీలో సైకాలజీవాళ్ళకి ఇచ్చే మైనర్ కంప్యూటర్ అప్లికేషన్స్ ఒక్కటే. ఆ గదిలో మిషన్లు పాడైపోకుండా ఎవరో ఒకరు కూర్చోవాలి కాబట్టి. ఆలోచిద్దాంలే అన్నాను.

అప్పుడు ఒక నోటుబుక్కు తీసింది. అట్ట మీద పేరు లేదు. "మీరు చూస్తారని తెచ్చేనండి" అంది. మూడు వారాలుగా బెంజమిన్ ఎప్పుడు లేచాడు, ఏం తిన్నాడు, ఎన్ని మాటలు అన్నాడు, రోజూ రాసింది. జూలై ఏడున ఒక మాట. 'దోమలు' అన్నాడట. తొమ్మిదిన ఏమీ లేదు. పదకొండున రెండు మాటలు. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. అసలిలాంటి పరిశీలనకి ఒక పద్ధతుంటుంది, పట్టిక ఉంటుంది. అదేమీ తెలియకుండా రాసుకుపోయింది వెర్రిపిల్ల.

మా కాలేజీలో ఇన్నేళ్ళుగా నాకు ఒక్క విద్యార్థీ ఇలాంటిది రాసి చూపించలేదు.

నోటుబుక్కు నా దగ్గరే వదిలి, లేస్తూ ఇంకో సంగతి చెప్పింది. కాకినాడలో నర్సింగు సీటు వచ్చింది. ఇరవై ఎనిమిదిలోగా ఒరిజినల్స్‌తో వెళ్ళి చేరాలి. "అమ్మ అందుకే మీకు ఫోన్ చేస్తుందండి. మీరేమీ అనుకోకండి, నేను వెళ్ళనండి. నర్సయితే సూదులెయ్యడమే కదండీ, నాకు అన్నయ్యతో మాట్లాడడం రావాలండి. మూడేళ్ళే కదండీ" అంది.

"ఊఁ" అన్నాను.

జూలై 23, బుధవారం

ఎన్నేళ్ళో ఒకసారి లెక్క వేద్దాం. డిగ్రీ మూడేళ్ళు. ఎం.ఏ. రెండేళ్ళు. ఆ తరవాత గుర్తింపున్న సంస్థలో ఇంకా శిక్షణ. దానికి దేశం మొత్తం మీద ఉన్న కాసిని సీట్లకి వేలమంది రాస్తారు. ఆపైన రిజిస్ట్రేషన్. అన్నీ అయ్యాక కూడా సొంత అన్నకి వైద్యం చేయకూడదు. ఇది మొదటి సంవత్సరం పాఠమే. నేనే చెప్తాను.

ఆ లెక్కల మాస్టారుకి ఈ లెక్క తోచలేదా? కొడుకు పేరు దాచుకోవడానికి కూతురి బతుకు ఇచ్చేస్తానంటే మధ్యలో నేనెవర్ని? నన్ను అడిగారు, ఆయనకి కావాల్సింది చెప్పాను. ఆ ఇంట్లో అందరూ అంతే. పిరికివాళ్ళు.

జూలై 24, గురువారం

ముత్యాలరాజు గారిని ఊరికే కదిపాను, ఎవరైనా ఒరిజినల్స్ వెనక్కి అడిగితే ఏం చేద్దామండీ అని.

"ఇవ్వవండి."

"వేరే సీటు వస్తే?"

"వస్తే వచ్చింది. ముప్పై ఒకటి దాటాక అడగమనండి. పద్నాలుగైతే నేను మేనేజ్‌మెంట్ ముందు నిలబడలేనండి. నా సంగతి సరే, మీరెక్కడికెళ్తారండీ ఈ వయసులో?" అన్నారు. చాలా మెల్లిగా అన్నారు. ఈ మనిషి కసురుకుంటే బాగుండును.

నాకు నలభై రెండు.

జూలై 25, శుక్రవారం

మెంతికూర పప్పు. వాన. ఏమీ లేదు.

జూలై 26, శనివారం

క్లర్కు టీకి వెళ్ళినప్పుడు బీరువా తాళం మేకుకే వేలాడుతోంది. స్టెల్లా కవరు తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. సాయిదుర్గాప్రసాద్ చూశాడు. చూసి, కిటికీ వైపు తిరిగి ఎవరికో ఫోన్ చేస్తున్నట్టు నటించాడు. అతనిలో ఆ మాత్రం మనిషి ఉన్నాడని అనుకోలేదు. అంటే, నేనేం చదివినట్టు?

మామిడికుదురు వెళ్ళేసరికి ముగ్గురూ ముందుగదిలోనే ఉన్నారు. నన్ను చూసి పేతురు గారు లేచారు. "రండి రండి మేడంగారండి, ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ" అన్నారు. కవరు బల్ల మీద పెట్టాను. కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

మూడేళ్ళు చదివినా స్టెల్లా ఎవరికీ వైద్యం చేయడానికి కుదరదు. క్లినికల్ అంటే ఒక్క పేపరు. ఆ పేపరు చెప్పే నేను పై శిక్షణ ఎంట్రన్సు రెండుసార్లు రాశాను, రెండుసార్లూ రాలేదు. ఇంతవరకూ ఒక్క రోగి ఎదుట కూర్చోలేదు. పుస్తకం చూసి చెప్తాను, పిల్లలు గైడు చూసి రాస్తారు. సీటు పోకముందే పిల్లని కాకినాడ తీసుకెళ్ళండి.

పేతురు గారు కవరు తీసి చేతిలో పట్టుకున్నారు. "అయితే మమ్మల్ని మోసం చేసేరన్నమాటండి" అన్నారు. అప్పుడు కూడా 'అండి' వదల్లేదు. చెంపదెబ్బ కొట్టినా తట్టుకునేదాన్ని, ఆ 'అండి' తట్టుకోలేకపోయాను.

"నాకు ఆ రోజే తెలుసండి" అన్నారు కృపమ్మ గారు.

ఆయన తిరిగి చూశారు. నేనూ చూశాను.

"ఇరవై రెండేళ్ళు ఆసుపత్రిలో చేసేనండి. బీఏ చదివితే డాక్టరు పని చెయ్యొచ్చంటే నమ్ముతానాండీ?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ? నన్ను బయటికి పంపొచ్చు కదా!" అన్నాను. సిగ్గులేకుండా కోపంగానే అన్నాను.

"మీరు ఇది జ్వరంలాంటిదే, ఎవరి తప్పూ కాదు, తగ్గుతుంది అని చెప్తున్నారండి. వాడు లోపల్నుంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. మీకు వీపు అటుంది, మీరు చూడలేదు. వాడు గది దాటి అంత దూరం వచ్చి ఎనిమిది నెలలైందండి. మిమ్మల్ని ఎలా ఆపనండీ? మీరు అబద్ధమే చెప్పండి, ఇంకాసేపు చెప్పండి అనుకున్నాను. పిల్ల సీటు వచ్చేలోగా మీకు ఫోన్ చేసి కాయితాలు తెచ్చుకుందామనుకున్నాను. మీరు ఎత్తలేదు."

మనసులు చదివినదాన్ని. ఆ గదిలో నలుగురం ఉన్నామనుకున్నాను, ఐదుగురున్నామని తెలియలేదు. ఆ రోజంతా నాకేసి చూస్తూ కూర్చున్నావిడకి నోట్లో నాలుక లేదనుకున్నాను.

స్టెల్లా ఏడవలేదు. "నా నోటుబుక్కు ఇచ్చెయ్యండి" అంది. సంచిలోనే ఉంది, ఇచ్చాను. "చదివేరా?" అంది. లేదని చెప్పబోయాను. రెండుసార్లు చదివాను అన్నాను. "ఎలా ఉందండీ?" అంది. అంత కోపంలోనూ అడిగింది. మా కాలేజీలో నేను చూసినవాటిలో ఇదే మంచిదమ్మా అన్నాను. "మీ కాలేజీలో మీరేం చూసేరులెండి" అంది.

సరిగ్గానే అంది.

జూలై 29, మంగళవారం

స్టెల్లా నర్సింగులో చేరిందట. సాయిదుర్గాప్రసాద్ కనుక్కుని చెప్పాడు. నేనడగలేదు.

జూలై 31, గురువారం

పద్నాలుగు.

ముత్యాలరాజు గారు అరవలేదు. "ఒక్కరండి వీరవేణి గారూ, ఒక్కరు!" అని తల పట్టుకున్నారు. పద్నాలుగు మందినీ బీకామ్‌లోకి మార్చేశారు. ఒక్కరూ మాకొద్దు అనలేదు. కొండబాబు మాత్రం బీకామ్‌లో హిప్నాటిజం ఉంటుందాండీ అని అడిగాడు. ఉంటుందని సాయిదుర్గాప్రసాద్ చెప్పాడు.

ఈ రోజుతో నాకు సెలవు. సభ పెట్టి శాలువా కప్పుతామన్నారు. వద్దన్నాను. ఆ శాలువా దుమ్ము తుడవడానికి కూడా పనికిరాదు.

ఆగస్టు 2, శనివారం

కృపమ్మ గారు ఫోన్ చేశారు. ఎత్తాను.

"రేపు పదింటికి రాగలరాండీ? ఆయన చర్చిలో ఉంటారు. నాకు రేపు డ్యూటీ లేదండి. వాడు మిమ్మల్ని అడుగుతున్నాడు."

"నాకేమీ రాదని చెప్పాను కదండీ."

"ఆయ్. వాడికీ అదే చెప్పేనండి."

"నేను డాక్టర్ని కాదు. ఏమైనా అయితే?"

"మందులు నేను వేస్తున్నానండి, డాక్టరు గారిని నేను చూసుకుంటున్నాను. మీరు ఆ పనులేమీ చెయ్యక్కర్లేదు."

మరి నేనెందుకండీ అని అడిగాను. ఆవిడకీ తెలియదట. వాడు అడిగేడు కాబట్టి చేసేను అంది. ఎంత తెలివితక్కువ కారణం! ఏ పుస్తకంలోనూ ఉండదు.

వెళ్ళను.

ఆగస్టు 3, ఆదివారం

వెళ్ళాను. దారిలో రెండుసార్లు స్కూటీ ఆపి, ఏం మాట్లాడాలో మనసులో అనుకున్నాను. ఇంటర్వ్యూ ఎలా మొదలుపెట్టాలో, కళ్ళలోకి ఎంతసేపు చూడాలో, నేను పిల్లలకి బట్టీ పట్టించినవన్నీ. దూరంగా చర్చి మైకులో ప్రార్థన వినిపిస్తోంది. పేతురు గారి గొంతే. పేర్లు చదువుతున్నారు. ఎవరెవరి పేర్లో సరిగ్గా వినపడలేదు. వినడానికి ఆగలేదు కూడా.

కృపమ్మ గారు తలుపు తీసి, "ఇక్కడే ఉంటానండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఈసారి గది గుమ్మానికి ఎదురుగా నిలబడ్డాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అనుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు.

అతనే కర్టెన్ తీసి వచ్చాడు. ఇంత పొడుగనుకోలేదు. గడ్డం ఎవరో ఇంట్లోవాళ్ళు కత్తిరించినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. నన్ను పైనుంచి కిందికి తీరిగ్గా చూశాడు. నేను మనుషుల్ని అలా చూస్తానని చాలామంది అన్నారు. నన్నెవరూ అలా చూడలేదు.

"మీకేమీ రాదంట కదండీ?" అన్నాడు.

"ఆయ్. ఏమీ రాదండి" అన్నాను.

"అయితే కూర్చోండి" అన్నాడు.